పళ్ళు కనబడకుండా నలభై రోజులు

జనవరి 1, బుధవారం. ఉదయం 5:20

ఈ డైరీ మా పూల కంపెనీవాళ్ళు ఇచ్చారు. అట్ట మీద ఎర్ర రోజా. పోయిన ఏడాది ఇచ్చిన డైరీని మా శివరాజ్ లాక్కున్నాడు. రోజూ బస్కీలు తీస్తాను, ఎన్ని తీశానో ఇందులో రాస్తాను అన్నాడు. మూడు రోజులు రాశాడు. నాలుగో పేజీలో "కాళ్ళు నొప్పి" అని ఉంది. ఆ తర్వాత అంతా తెల్ల కాగితమే.

నేను అట్లా కాదు. హోసూరు పక్క అత్తిముగం బళ్ళో అయిదో తరగతి దాకా తెలుగు చదివాను. పట్టుకుంటే వదలను.

సంగతి ఇది. నిన్న సాయంత్రం కంపెనీ వ్యాను దిగుతున్నాను. పక్కన కూర్చునే రేణు ఏదో అంది. నవ్వుకుంటూ దిగాను. ఎదురుగా మా వదిన మారెమ్మ, మా ఆయన నంజప్పకు సొంత అక్క. కింది నుంచి పైదాకా చూసింది.

"ఏమ్మే శశికళా, బిడ్డను మట్లో పెట్టి ఏడాది కాలేదు. పండ్లన్నీ బయటే ఉండాయే."

అంతే అంది, పోయింది. నాకు అన్నం దిగలేదు.

ఆమె తప్పేమీ అనలేదు. నా పళ్ళు అట్లాంటివి. పెళ్ళి ఫోటోలో నాకంటే అవే ముందు వచ్చాయి. నా నవ్వు ఇంకా అన్యాయం. రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఉంటుందని శివరాజ్ అనేవాడు.

శివరాజ్ మాకు ఒక్కడే కొడుకు. ఇరవై రెండేళ్ళు. పోయిన ఫిబ్రవరిలో మా తోటలో మోటరు దగ్గర కరెంటు కొట్టి పోయాడు. ఇంతకంటే రాయను.

ఇంకొకటి మాత్రం రాస్తాను. ఇంట్లో వాడి పేరు వస్తే చాలు, ఆయన ఏదో ఒక జోకు వేస్తాడు. నాకు నవ్వు వస్తుంది. మాట అక్కడే చచ్చిపోతుంది. పది నెలలుగా వాడి గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను నవ్వకపోతే ఆయన జోకు ఎంతసేపు నిలబడుతుంది? అప్పుడైనా మాట్లాడతాడేమో.

కాబట్టి ఒట్టు పెట్టుకున్నాను. ఫిబ్రవరి 9న వాడి ఏడాది. సరిగ్గా నలభై రోజులు.

1. నవ్వకూడదు.
2. నవ్వేవాళ్ళ పక్కన నిలబడకూడదు.
3. నవ్వు వస్తే కొంగు నోట్లో.
4. రోజూ లెక్క రాయాలి.

ఆయనకు చెప్పాను. నువ్వూ ఉండు అన్నాను.

"నేను నగనులే," అన్నాడు. "నగించేదానికి అడ్డం లేదు కదా?"

నాకు నవ్వు వచ్చింది. ఒట్టు రేపటి నుంచి.

జనవరి 2, గురువారం. రాత్రి 7:30

6:10 వ్యాను ఎక్కాను. కిటికీ వైపు మొహం.
8:00 ప్యాకింగ్ షెడ్డు. పొడుగు చూసి కాడలు వేరు చేయడం, ఇరవై పూలకు ఒక కట్ట. తల దించుకుని చేశాను.
1:00 భోజనం. రేణు తన అత్త టీవీ రిమోటును బియ్యం డబ్బాలో దాచిన సంగతి చెప్పింది. అందరూ పడి పడి నవ్వారు. నేను సొరకాయ కూర వైపు చూస్తూ ఉన్నాను. సొరకాయలో నవ్వేదానికి ఏమీ లేదు.
5:30 ఇల్లు.

ఇంత సులభమా! మారెమ్మ వదిన వచ్చి చూడాలి నన్ను.

నవ్వులు: 0

జనవరి 4, శనివారం. రాత్రి 8:00

నవ్వకుండా కూర్చుంటే చాలా కనబడుతోంది. ఇన్నేళ్ళూ నవ్వుతూ ఉండి చూడలేదు.

మగవాళ్ళు వ్యానులో వెనక కూర్చుంటారు, పూలకు పురుగుమందు కొట్టేవాళ్ళు. ఒకడి బట్టతల, ఒకడి పొట్ట, ఒకడి పాత బండి. ఎవడో ఒకడు దొరకాలి. దొరికినవాడు కోపం చేసుకోకూడదు, చేసుకుంటే రేపు కూడా వాడే. జోకు చెప్పినవాడు నవ్వడు. చుట్టూ చూస్తాడు, ఎవరెవరు నవ్వారా అని.

మేము అట్లా కాదు. మేము ముందే నవ్వేస్తాం, తర్వాత చెప్తాం. సగం మాటలోనే నవ్వు వచ్చి చెప్పలేకపోతాం, అయినా పక్కనావిడకు అర్థమైపోతుంది. ఇంకొకరి మీద కాదు, మా మీద మేమే. బస్సు కోసం పరుగెత్తి చీర జారింది, ఉప్పు రెండుసార్లు పడింది, మొగుడు పుట్టినరోజు మరిచిపోయి మేస్త్రీ చేత గుర్తు చేయించుకున్నాడు. అందరం నవ్వుతాం. నవ్వుతూనే ఎవరో ఒకరు చెప్పినామె చెయ్యి పట్టుకుంటారు.

ఇదంతా నేనే కనిపెట్టాను. అయిదో తరగతికి ఇది ఎక్కువే.

నవ్వులు: 0 (ముక్కుతో ఒకటి వచ్చింది. ముక్కుతో వచ్చింది లెక్క కాదు.)

జనవరి 6, సోమవారం. సాయంత్రం 6:15

ఒట్టుకు ఇబ్బంది ఎక్కడి నుంచి వస్తుందో ఊహించలేదు. సూపర్‌వైజరు నుంచి వచ్చింది.

యతీశ్ సారు రోజూ పది గంటలకు షెడ్డులోకి వస్తాడు, ఒక జోకు వేస్తాడు. బాగుండదు. అయినా ఇరవై మందిమీ నవ్వుతాం, ఎందుకంటే ఓవర్‌టైము ఎవరికి అనేది రాసేది ఆయనే. ఒకసారి రేణు మెల్లిగా ఒక మాట అంది, ఎవరూ వినలేదు. ఆయన విన్నాడు, అదే మాట గట్టిగా అన్నాడు. నవ్వులతో షెడ్డు పగిలిపోయింది. రేణు కూడా నవ్వింది పాపం.

ఇవాళ ఆయన జోకుకు పంతొమ్మిది మంది నవ్వారు. ఆయన నన్నే చూశాడు. రెండోసారి చెప్పాడు. నేను కట్ట కడుతూనే ఉన్నాను.

10:40 ఆఫీసు రూముకు పిలిచాడు. కుర్చీ చూపించాడు. పదకొండేళ్ళలో నాకు అక్కడ కుర్చీ చూపించడం ఇదే మొదలు.

"ఏమన్నా తప్పు జరిగిందామ్మా నా వల్ల?"

లేదు సార్ అన్నాను. ఒట్టు సంగతి చెప్పలేదు. ఆయన పిల్లవాడి మొహం పెట్టాడు. ఆ తర్వాత షెడ్డులోకి వచ్చినా జోకు వేయలేదు. పంతొమ్మిది మందికీ నా మీదే కోపం. జోకు వేస్తే కనీసం చేతులు అర నిమిషం ఆపుకునేవాళ్ళమట.

నవ్వులు: 0. ఇంటికి వచ్చాక సారు మొహం తలుచుకుని ఒకటి. కానీ ఆఫీసు పని కాబట్టి ఇంటి లెక్కలో రాదు.

జనవరి 14, మంగళవారం. ఉదయం 11:00

పండుగ మాకు లేదు ఈ ఏడాది. కంపెనీ సెలవు. వాకిట్లో ముగ్గు లేదు.

పక్క తోట గంగప్ప తన ఎద్దు కొమ్ములకు రంగు వేశాడు. ఒక కొమ్ము పచ్చగా మెరిసిపోతోంది. రెండో కొమ్ముకు వచ్చేసరికి రంగు డబ్బా అయిపోయింది. ఎద్దు ఒకవైపు తల తిప్పుకుని నిలబడింది, సగం గుండు చేసి మంగలి పారిపోయినట్టు.

మనుషులను చూసి నవ్వకూడదు అనే కదా ఒట్టు. ఎద్దు గురించి ఏమీ అనుకోలేదు.

శివరాజ్ ఉంటే ఆ ఎద్దుతో ఫోటో దిగేవాడు.

ఇది మా ఆయనతో అన్నాను. పీట మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఇప్పుడైనా ఏదో అంటాడని చూశాను.

"ఎద్దే బాగుండేది ఫోటోలో," అన్నాడు. లోటా పెట్టి లేచిపోయాడు.

నేను నవ్వలేదు. అయినా మాట నిలబడలేదు. నా లెక్క ఎక్కడో తప్పింది.

నవ్వులు: 0 (ఎద్దు మీద 3)

జనవరి 19, ఆదివారం. సాయంత్రం 5:00

కోపంగా రాస్తున్నాను. అక్షరాలు పెద్దగా వస్తున్నాయి.

చక్కెర అయిపోయి కేశవప్ప టీ అంగడికి వెళ్ళాను. మా ఆయన, గంగప్ప, ఇంకో నలుగురు బెంచీ మీద. టీ పోసే కేశవప్ప అడుగుతున్నాడు, ఏం నంజప్పా, ఇవాళ నీ తోటకు నీళ్ళు పారిందా అని.

"పారకుండా పోతుందా? నేను జమీందారును. స్విచ్చి వేసేదానికి ఒక మనిషినే పెట్టుకొని ఉండాను," అని గంగప్ప భుజం తట్టాడు మా ఆయన.

అందరూ నవ్వారు. జమీందారుకు ఇంకో టీ అన్నారు. జమీందారుకు వెండి గ్లాసు లేదా అన్నారు. గంగప్ప చేతులు కట్టుకుని వంగి దండం పెట్టాడు.

నిజమే మరి. శివరాజ్ పోయినప్పటి నుంచి ఆయన తోటలో అన్నీ చేస్తాడు. గుంట తవ్వుతాడు, కలుపు తీస్తాడు, టమాటా మోస్తాడు. మోటరు ఒక్కటి వేయడు. కరెంటు వచ్చే టైముకు అంగడిలో కూర్చుంటాడు. పోయి వేసేది గంగప్ప. మనిషి ఇంత సోమరి అవుతాడా! ఆ సోమరితనం చెప్పుకుని నవ్వించడం ఒకటి!

బిడ్డ పోయిన చోటును జోకు చేసుకున్నాడు.

చక్కెర తీసుకోకుండా వచ్చేశాను. రాత్రికి చప్పటి కాఫీ.

నవ్వులు: 0. ఇవాళ్టి సున్నా మాత్రం నిజమైన సున్నా.

జనవరి 24, శుక్రవారం. రాత్రి 7:00

రూల్సు కొంచెం సర్దాను.

1. నవ్వకూడదు. (వ్యానులో తప్ప. వ్యాను కుదుపుకు వచ్చేది నవ్వా కుదుపా చెప్పలేం.)
2. కొంగు నోట్లో పెట్టుకోవడం ఆపేశాను. రెండు చీరలు పోయాయి.
3. నవ్వు ఆగకపోతే కోల్డ్ రూములోకి వెళ్ళాలి. ఇవాళ నాలుగుసార్లు వెళ్ళాను. రోజాలతో పాటు నేను కూడా వారం రోజులు వాడిపోకుండా ఉంటాను.

ప్రేమికుల రోజు ఆర్డర్లు మొదలయ్యాయి. పని రెట్టింపు. పని రెట్టింపు అయితే మా నవ్వులూ రెట్టింపు, ఎందుకో తెలియదు. వేళ్ళకు ముళ్ళు, నడుము నొప్పి, నోటికి మాత్రం సెలవు లేదు.

నవ్వులు: 2. కోల్డ్ రూములోవి లెక్కపెట్టలేదు, అక్కడ చలికి పళ్ళు ఎట్లాగూ బయటే ఉంటాయి.

జనవరి 28, మంగళవారం. సాయంత్రం 6:40

పోయింది. ఒట్టు పోయింది.

మధ్యాహ్నం భోజనాలు. రేణు వాళ్ళ ఆయన కొత్త హెల్మెట్ కొన్నాడట. తల నుంచి తీయరాలేదట. సబ్బు నీళ్ళు, నూనె, చివరికి అత్త వచ్చి రెండు కాళ్ళు ఆనించి లాగిందట. రేణు లేచి అత్త లాగా లాగి చూపించింది. నేను చెంబు మూతను పట్టుకుని ఆపుకున్నాను. ఆపుకున్నాను. తర్వాత ఏమైందో తెలియదు. గులకరాళ్ళ డబ్బా మొత్తం పోయింది. మజ్జిగ ముక్కులో నుంచి వచ్చింది. షెడ్డు అంతా నన్ను చూసి నవ్వింది. బయట నుంచి యతీశ్ సారు పరుగెత్తుకుని వచ్చాడు, తను లేనప్పుడు జోకు ఎవరు వేశారని.

ఆ తర్వాత కోల్డ్ రూముకు వెళ్ళి కూర్చున్నాను. నవ్వు ఆపుకోవడానికి కాదు. రేణు వెనకాలే వచ్చింది. నా మీద తన స్వెటరు వేసి వెళ్ళింది.

రేణుకు తెలుసు. శివరాజ్ పోయిన రోజు నా పక్కన ఉన్నది తనే. ఆ రోజు ఏదో కథ చెప్తూ ఉండింది, సగంలో ఆగిపోయింది. ఇంతవరకు దాన్ని పూర్తి చేయలేదు. నేనూ అడగలేదు.

నవ్వులు: లెక్క తెలియదు.

ఫిబ్రవరి 2, ఆదివారం. సాయంత్రం 5:30

గంగప్ప అంచెట్టి వెళ్ళాడు. కూతురికి కాన్పు. బస్సులు తక్కువ, వచ్చేసరికి అయిదారు రోజులు అవుతుందన్నాడు.

టమాటా నారు నాటి పన్నెండు రోజులు. నీళ్ళు పెట్టి మూడు రోజులైంది. మధ్యాహ్నానికి ఆకులు వేలాడుతున్నాయి.

మోటరు వేయి అన్నాను ఆయనతో.

"నా నౌకరు సెలవులో ఉండాడు కదమ్మే."

మళ్ళీ అన్నాను. జమీందార్లు చేత్తో స్విచ్చి ముట్టరు అన్నాడు. మూడోసారి అన్నాను. అంగడికి పోయాడు.

బిందెలతో మోసి రెండు సాళ్ళకు పోశాను. మిగతావి నన్నే చూస్తున్నాయి. కోపంలో నవ్వు రాదు, అదొక లాభం.

నవ్వులు: 0

ఫిబ్రవరి 4, మంగళవారం. రాత్రి 7:45

ఏం చేశానో రాయాలి. రాయకపోతే ఈ డైరీ ఎందుకు.

సాయంత్రం వ్యాను దిగి ఇంటికి పోలేదు. నేరుగా కేశవప్ప అంగడికి పోయాను. అందరూ ఉన్నారు. మగవాళ్ళ పద్ధతి నెల రోజులుగా చూస్తున్నాను కదా, నేర్చుకున్నాను అనుకున్నాను. ఒకడిని పట్టుకోవాలి, పది మంది ముందు అనాలి, తను నవ్వకూడదు, చుట్టూ చూడాలి. వ్యానులో కూర్చుని మాటలు కూర్చుకున్నాను కూడా.

బెంచీ ముందు నిలబడి గట్టిగా అన్నాను.

"కేశవప్పన్నా, మా జమీందారుకు ఒక టీ ఇయ్యి. నువ్వే తాపించు. ఆయప్పకు చేతులు యాడుండాయి? ఉంటే మోటరు వేసుండడా?"

అని చుట్టూ చూశాను.

ఒక్కరూ నవ్వలేదు.

రోజూ ఇదే జోకుకు విరగబడి నవ్వేవాళ్ళు. ఒకడు గ్లాసులోకి చూశాడు. ఒకడు చెప్పు సర్దుకున్నాడు. మా ఆయన లేచి, తువ్వాలు దులుపుకుని, ఏదో అనబోయాడు. నోరు తెరుచుకుంది. జోకు రాలేదు. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నోట్లో నుంచి జోకు రాకపోవడం ఇదే మొదటిసారి. నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

కేశవప్ప నన్ను పొయ్యి వెనక్కి పిలిచాడు. పాలు పొంగుతున్నాయి, తీయలేదు.

"ఆయప్పకు చెయ్యి ఆడ పడదమ్మా. ఏడాదిగా చూస్తా ఉండాము. స్విచ్చి పెట్టె దగ్గరికి పోతాడు, చెయ్యి వణకతాది, వచ్చేస్తాడు. ఆ పొద్దు మోటరు వేసి రాపో అని శివరాజ్‌ను పంపించింది తనే కదా. మేము అడిగేది లేదు, తను చెప్పేది లేదు. జమీందారు అని మొదట అన్నది గంగప్ప. అట్లంటే ఆయప్పకు పోకుండా ఉండేదానికి ఒక సాకు దొరికె."

నాకు తెలియదు. పంపింది ఆయన అని నాకు తెలుసు. చేయి వణుకుతుందని తెలియదు. ఆరుగురు మగవాళ్ళకు తెలిసింది నాకు తెలియదు. వాళ్ళు ఏడాదిగా ఒక మాట కూడా అడగకుండా, రోజూ ఒకే జోకును తిప్పి తిప్పి వేసి, ఆయనను ఆ బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను వచ్చి ఒక్క మాటతో లేపాను.

ఏడాదిలో నేను వేసిన ఒకే ఒక జోకు ఇది.

చక్కెర పొట్లం కేశవప్ప ఊరికే చేతిలో పెట్టాడు.

నవ్వులు: రాయను.

ఫిబ్రవరి 5, బుధవారం. ఉదయం 8:30. పనికి పోలేదు

మోటరు నడిచే త్రీ ఫేజు కరెంటు పొద్దున ఆరు గంటలకు వస్తుంది.

5:35 లేచాను. ఆయన కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నిద్రపోవడం లేదని నాకు తెలుసు, గురక లేదు.
5:40 తయారయ్యాను. రాస్తాను ఏమేం వేసుకున్నానో:

ఆయన రబ్బరు బూట్లు, నాకు రెండు అంగుళాలు పెద్దవి.
కంపెనీ గ్లౌజులు, ముళ్ళకు వేసుకునేవి, మోచేతి దాకా.
శివరాజ్ రెయిన్‌కోటు. వాన లేదు.
ఎండిన వెదురు కర్ర, మా ఇంటి తలుపంత పొడుగు.
ప్లాస్టిక్ స్టూలు, మీద నిలబడడానికి.

"లే," అన్నాను. "మోటరు వేసేది నేను. నువ్వు ఊరికే పక్కన నిలబడు."

చూశాడు. లేచి వెనకాల వచ్చాడు.

పోయేదారిలో చెప్పాను. ఆయన మొహం చూడకుండా, ముందు నడుస్తూ. బూట్లు టపటపమంటున్నాయి.

"నీకు ఒకటి చెప్పలేదు నేను. ఆ పొద్దు ఫోన్ వచ్చినప్పుడు నేను నగతా ఉన్నాను. రేణు ఏదో చెప్పతా ఉండె. ఫోన్ ఎత్తి హలో అనేది కూడా నగతానే అన్నాను. ఫోన్ చేసింది గంగప్ప. నా నగు విని ఆయప్ప ఏడ్చేసినాడు. అప్పటి నుంచి నగు వచ్చినప్పుడంతా ఆ హలో గుర్తుకు వస్తాది."

వెనకాల అడుగులు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి. ఆయన జోకు వేయలేదు.

మోటరు రూము. వాడు పోయాక గంగప్ప హోసూరు నుంచి కొత్త స్టార్టరు పెట్టె తెచ్చి పెట్టించాడు, భూమిలోకి తీగ కూడా వేయించాడు. భయపడేది ఏమీ లేదు. అయినా నేను స్టూలు ఎక్కాను. గుమ్మం బయట నుంచే కర్ర చాచాను. పచ్చ బటన్ చిన్న బటానీ గింజంత. కర్ర గోడకు తగిలింది. కర్ర బల్లికి తగిలింది. బల్లి నా మీదికి దూకింది. నేను ఒక బూటులో నుంచి బయటికి వచ్చేశాను, బూటు మాత్రం స్టూలు మీదే ఉంది.

వెనక నుంచి ఒక శబ్దం. ఏమిటా అని తిరిగాను.

ఆయన నవ్వుతున్నాడు. జోకు చెప్పి చూసే చూపు కాదు. కడుపు పట్టుకుని, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని. ఇంతకుముందు ఎప్పుడు నవ్వాడో నాకు గుర్తులేదు. ఇన్నాళ్ళూ నవ్వించాడే కానీ నవ్వలేదు, ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. నాకూ వచ్చింది. రెయిన్‌కోటులో ఒంటి బూటుతో నవ్వాను. డబ్బా మొత్తం.

నవ్వుతూనే ఆయన కింద కూర్చున్నాడు. భుజాలు అట్లే కదులుతున్నాయి, శబ్దం మారింది.

"నేనే పంపినానే. టీ తాగేసి నేనే పోదామనుకొన్నాను. వాడు చెప్పులేసుకొని నిలబడి ఉండె. పోయి రారా అన్నాను. ఒక టీ కోసరం."

పక్కన కూర్చున్నాను. గ్లౌజు తీసి చెయ్యి పట్టుకున్నాను. ఇద్దరం వాడి గురించి మాట్లాడాము. వాడి చెప్పులు, వాడి బస్కీలు, అత్తిముగం జాతరలో తప్పిపోయి మైకులో తన పేరు కాకుండా నా పేరు చెప్పించిన సంగతి. తప్పిపోయింది అమ్మే అన్నాడట, ఆరేళ్ళవాడు.

6:50 మూడోసారికి కర్ర బటన్‌కు తగిలింది. మోటరు గురగురమంది. నీళ్ళు వచ్చాయి.

నవ్వులు: చాలా. ఏడుపులు కూడా లెక్క పెట్టాలని రూలు లేదు కాబట్టి పెట్టలేదు.

ఫిబ్రవరి 7, శుక్రవారం. రాత్రి 8:10

షెడ్డులో నిలబడి తినే రోజులు. కట్టలు, కట్టలు, కట్టలు. మధ్యలో రేణుతో అన్నాను, ఆ రోజు చెప్తూ ఉన్న కథ పూర్తి చెయ్యమని.

తెల్లబోయింది. చేతిలో పూలు కింద పెట్టింది. అక్కా వద్దు అంది. నేను కట్ట కడుతూనే ఉన్నాను. చెప్పింది. వాళ్ళ చిన్నత్త తమ్ముడు కృష్ణగిరి బస్టాండులో వేరేవాళ్ళ సంచి తెచ్చేశాడట, తెరిస్తే నిండా మునగకాయలట.

"అంతేనా?"

"అంతే అక్కా."

ఏడాది మోసిన కథ. ఏమీ లేదు దాంట్లో! ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాము. ఆ తర్వాత ఆపడం ఎవరి తరం కాలేదు. యతీశ్ సారు దూరం నుంచి చూసి ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రం వచ్చి ఒక జోకు కూడా వేశాడు. నవ్వాను. బాగుండలేదు, అయినా నవ్వాను. పాపం నెల రోజులుగా బాధపడ్డాడు.

ఫిబ్రవరి 9, ఆదివారం. సాయంత్రం 4:00

వాడి ఏడాది అయింది. ఫోటోకు పూలు, నా కంపెనీవి. వాడికి ఇష్టమైనవన్నీ పెట్టాము: కోడి కూర, రాగిముద్ద, మినప్పప్పుతో ఉద్దిన వడ, చల్లని నిమ్మకాయ సోడా. గంగప్ప నిన్న రాత్రి అంచెట్టి నుంచి వచ్చాడు, మనవరాలట.

మారెమ్మ వదిన నా పక్కన కూర్చుంది. ఒట్టు సంగతి ఊరంతా తెలుసు, ఆమెకూ తెలిసింది. ఎన్ని రోజులు నిలబెట్టినావు అని అడిగింది. డైరీ చూసి నిజం చెప్పాను: సుమారుగా రెండు.

వదిన తన పెద్ద కొడుకు పోయినప్పుడు తాను ఎట్లా ఉండిందో చెప్పింది. ఆ బిడ్డ పురిట్లోనే పోయాడని నాకు తెలుసు. మూడు నెలలకు పొయ్యి దగ్గర ఒక పిల్లి పాలగిన్నెలో తల ఇరికించుకుంటే నవ్విందట. వాళ్ళ అత్త చూసి ఒక మాట అందట. ఏం మాట అని నేను అడగలేదు. పండ్ల గురించే అయి ఉంటుంది.

అప్పుడు కేశవప్ప వచ్చి వెదురు కర్ర, ఒంటి బూటు, బల్లి సంగతి అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన చెప్పి ఉంటాడు. చెప్పనీ. వదిన కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగుతున్నాయి. ముక్కులో నుంచి గుర్రుమని ఒక శబ్దం వచ్చింది.

ముక్కుతో వచ్చింది లెక్క కాదు వదినా, అన్నాను.

ఫిబ్రవరి 10, సోమవారం. ఉదయం 5:25

మళ్ళీ మొదలు. ఈసారి పందెం, ఇద్దరికీ.

ఈ పొద్దు నుంచి నేను నవ్వకూడదు. ఆయన జోకు వేయకూడదు. ముందు ఓడినవాళ్ళు పోయి మోటరు వేయాలి. ఆయనే పెట్టాడు పందెం. నిన్న రాత్రి అన్నం తింటూ పెట్టాడు, నా మొహం చూడకుండా.

5:30 కాఫీ ఇచ్చాను. మాట లేదు. పెదవులు బిగించుకుని తాగుతున్నాడు. నేనూ బిగించుకున్నాను. నేను గెలుస్తాను. కావలసినంత అనుభవం ఉంది.

5:45 ఇంకా ఏమీ లేదు.

5:52 లేచాడు. రబ్బరు బూట్లు తొడుక్కున్నాడు. మూలన ఉన్న వెదురు కర్ర తీసుకుని, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. గుమ్మంలో నిలబడి నన్ను చూసి,

"జమీందారు పనిమనిషిని మాన్పించేసినాడమ్మే," అన్నాడు. "జీతం ఇచ్చేదానికి టీ మిగల్లేదు."

జోకు. ఓడిపోయాడు. బాగుండలేదు కూడా.

వెళ్ళాడు.

6:00 వంటింట్లో నిలబడి రాస్తున్నాను. పాలు పొయ్యి మీద. చెవులు తోట వైపు.

6:02 ఏమీ లేదు.

6:04 ఏమీ లేదు. పోదామా అనిపిస్తోంది. పోకూడదు.

6:07 గురగురమంది. పైపు దగ్గింది, రెండుసార్లు. తొట్టిలో నీళ్ళ శబ్దం.

పాలు పొంగిపోయాయి.

నవ్వులు: 1. రేపటి నుంచి ఖాయంగా.